మాంసం, మొక్కల ఆహారం, విశ్వాసి భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు జిల్లాల సంఘాల్లో బైబిల్ క్లాసు అయిపోయాక, పెళ్లి వంటల లెక్కలు వేసేటప్పుడు, శ్రమదినాలు (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మొదలయ్యే ముందు వచ్చే ప్రశ్నలివి. కొన్నింటికి వాక్యం సూటిగా జవాబిస్తుంది. కొన్నింటికి మాత్రం కోళ్ల షెడ్డులోకి, మటన్ దుకాణంలోకి తొంగిచూడక తప్పదు.

మాంసం తినడం పాపమని బైబిలు అంటుందా?

అనదు. ఆదికాండం 1:29లో దేవుడు మనిషికి ఇచ్చింది విత్తనాలిచ్చే మొక్కలు, పండ్లచెట్లు. మాంసానికి అనుమతి జలప్రళయం తర్వాత 9:3లో వచ్చింది, ఆ వెంటనే రక్తంతో తినకూడదన్న షరతూ వచ్చింది. పస్కాకు గొర్రెపిల్లను కోశారు. తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరితే క్రొవ్విన దూడను కోశారు. తిరిగి లేచిన యేసు శిష్యుల కళ్లముందే కాల్చిన చేప ముక్క తిన్నాడు (లూకా 24:42). మాంసం మానితేనే పరిశుద్ధత అని ఎవరైనా బోధిస్తే 1 తిమోతి 4:3 తెరిచి చూపించండి.

చాలామంది ఇక్కడితో బైబిలు మూసేస్తారు. తినొచ్చు అన్నాడు కాబట్టి ఎట్లా పెంచినా, ఎట్లా కోసినా సరే అనుకుంటారు. అదే ధర్మశాస్త్రం నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయొద్దంది (ద్వితీయోపదేశకాండం 25:4). విశ్రాంతి దినం ఎద్దుకూ గాడిదకూ కూడా అంది (నిర్గమకాండం 23:12). తల్లినీ పిల్లనూ ఒకే రోజు కోయొద్దంది (లేవీయకాండం 22:28). గూట్లో పిల్లలుంటే తల్లిపిట్టను వదిలేయమంది (ద్వితీయోపదేశకాండం 22:6). నీతిమంతుడు తన పశువుల ప్రాణాన్ని దయతో చూస్తాడని సామెతలు 12:10. తినే అనుమతి ఇచ్చి, ఆ జీవం బతుకు గురించి ఇన్ని చోట్ల మాట్లాడిన గ్రంథం మనది. మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోవడమే మన సంఘాల్లో ఎక్కువగా కనిపించే లోపం.

కూరగాయలు తినేవాడు బలహీనుడని పౌలే రాశాడు కదా?

రాశాడు, రోమా 14:2లో. కానీ అక్కడి మనిషి కూరగాయలు తిన్నది జంతువు మీద దయతో కాదు. అంగడిలో దొరికే మాంసం విగ్రహానికి అర్పించినదేమో, అశుద్ధమైనదేమో అన్న భయంతో. పైగా మరుసటి వచనంలోనే తినేవాడు తిననివాణ్ని తృణీకరించొద్దని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దని ఉంది. రెండో వచనం ఒక్కటే చదివి శాకాహారిని ఎగతాళి చేస్తే మూడో వచనాన్ని తప్పినట్టే.

దానియేలు శాకాహారం తిన్నాడు కాబట్టి మనమూ తినాలా?

దానియేలు పది దినాలు శాకధాన్యాదులు, నీళ్లు అడిగింది రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని. అది ఆరోగ్య సూత్రం కాదు, విధేయతకు సంబంధించిన మాట. ‘దానియేలు ఉపవాసం’ అని 21 రోజులు చేసేవాళ్లు 10వ అధ్యాయంలోని మూడు వారాలను పట్టుకుంటారు. చేయండి, మంచిదే. బరువు తగ్గడం కోసమైతే మాత్రం దానియేలు పేరు వాడకండి.

పక్కింటివాళ్లు యాట కోసి కూర పంపిస్తారు. తీసుకోవచ్చా?

బోనాలకు, ఎల్లమ్మకు, రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరకు కోసిన యాట కూర గిన్నెడు గడప దాకా వచ్చేస్తుంది. 1 కొరింథీయులకు 10:27, 28 ఈ సందర్భానికే రాసినట్టుంటుంది. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఏమీ అడగకుండా తినండి. ‘ఇది బలి అర్పించినది’ అని వాళ్లే చెబితే, చెప్పినవాడి నిమిత్తం తినకండి.

గొడవ వచ్చేది తినకపోవడం వల్ల కాదు, గడప దగ్గర గిన్నె వెనక్కి పంపడం వల్ల. పండుగకు వారం ముందే చెప్పండి: “అక్కా, అమ్మవారికి పెట్టింది మేం తినం, మనసులో ఏం పెట్టుకోకు. ఆదివారం మీరంతా మా ఇంటికి భోజనానికి రండి.” పిలిచినాక నిజంగానే వండి పెట్టాలి.

హలాల్ చేసిన మాంసం?

చాలా సంఘాలకు అభ్యంతరం లేదు. అది విగ్రహార్పణ కాదు. కటికి అంగడిలో అమ్మేదాన్ని విచారించకుండా తినవచ్చన్న 1 కొరింథీయులకు 10:25 సరిపోతుంది. దీన్ని మతాల మధ్య తగాదాగా మార్చడానికి సంఘాన్ని వాడుకోనివ్వకండి.

నల్ల తినొచ్చా?

దీని మీద మన సంఘాలు ఒకే మాట మీద లేవు. మేక నెత్తురు గడ్డకట్టించి, ఉడికించి, ఉల్లిగడ్డ కారంతో వేయించే నల్ల ఈ ప్రాంతంలో ఇష్టంగా తినే వంట. అపొస్తలుల కార్యములు 15:29 రక్తాన్ని, గొంతు పిసికి చంపినదాన్ని మానమంటుంది. అది యూదులు, అన్యజనులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి చేసిన ఏర్పాటు అనేవాళ్లున్నారు. రక్తం మాట మోషే కంటే ముందే నోవహుతో చెప్పింది కాబట్టి ఇప్పటికీ వర్తిస్తుందనేవాళ్లున్నారు. రెండో వాదానికి బలం ఎక్కువని మా అభిప్రాయం. ఇంట్లో మీ మనస్సాక్షి మీది. సంఘ విందులో మాత్రం నల్ల వండకండి. అక్కడ ఒక్కరు తినలేకపోయినా 15వ అధ్యాయం రాసిన ఉద్దేశమే దెబ్బతింటుంది.

పెద్దకూర (పశుమాంసం) తినే కుటుంబాలను కొందరు చిన్నచూపు చూస్తారు. శాకాహారం గురించి మాట్లాడితే అదే అవుతుందేమో?

అవుతుంది, జాగ్రత్త పడకపోతే. నల్లగొండ ప్రాంతంలో 1890ల నుంచి బాప్టిస్టు మిషనరీల కాలంలో సంఘాలు ఎక్కువగా మాదిగ, మాల వాడల్లోనే పుట్టాయి. తిండిని బట్టి మనిషిని ఊరి బయట నిలబెట్టిన చరిత్ర ఆ కుటుంబాలకు పుస్తకంలో పాఠం కాదు. పప్పు తింటే శుద్ధి, మాంసం తింటే మైల అన్న మాట సంఘంలో వినిపిస్తే అది సువార్త కాదు, కులం. మార్కు 7:19లో యేసు భోజన పదార్థాలన్నీ శుద్ధమని ఎంచాడు.

అందుకే మేం మాంసం తగ్గించే మాట ఎత్తినప్పుడు మొదట బ్రాయిలర్ కోడి గురించి మాట్లాడతాం. అది అన్ని కులాల ఇళ్లలోనూ ఉడుకుతుంది. చట్టం సంగతి వేరు: 1977 నాటి గోవధ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. ఆవులను, దూడలను కోయడం నేరం. ఎద్దు, దున్న, బర్రెలను కోయాలంటే అధికారి ధ్రువపత్రం ఉండాలి.

బ్రాయిలర్ పెంపకంలో తప్పేముంది? షెడ్డులో అసలేం జరుగుతుంది?

మన దగ్గర షెడ్లు ఎక్కువగా ఇంటిగ్రేషన్ పద్ధతిలో నడుస్తాయి. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, కూలి రైతువి. కిలోకు ఇంత అని గ్రోయింగ్ ఛార్జీ ఇస్తారు. 38 నుంచి 42 రోజుల్లో కోడి రెండు కిలోలు దాటుతుంది. కిలో బరువు రావడానికి సుమారు 1.6, 1.7 కిలోల దాణా పడుతుంది. ఒక్కో కోడికి ఒక చదరపు అడుగు చోటు.

తప్పు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలంటే ఊకను చూడండి. షెడ్డులో గుప్పెడు ఊక తీసుకుని గట్టిగా పిసికి వదలండి. కాస్త అంటుకుని విడిపోతే సరిగా ఉంది. ముద్దలా మిగిలిపోతే తడి ఎక్కువైంది. నీళ్లు తాగే నిపుల్ కారడం, పక్క పరదాలు మూసే ఉంచడం, ఊక రెండంగుళాల కంటే పలచగా పరవడం దీనికి మామూలు కారణాలు. తడి ఊకలో రెట్ట కలిసి అమ్మోనియా లేస్తుంది. నిలబడితే మీకు తెలియదు. కోడి ఎత్తుకు వంగి అర నిమిషం ఉండండి, కళ్లు మండితే హద్దు దాటినట్టే. ఆ కోళ్ల అరికాళ్లు తిరగేస్తే నల్లటి పుండ్లు కనిపిస్తాయి. బరువైన రొమ్ము, బలం చాలని కాళ్లు, కాలి కింద చర్మాన్ని కాల్చే తడి ఊక: చివరి వారం అవి ఎక్కువసేపు కూర్చునే ఉంటాయి.

ఎండాకాలం ఇంకో బాధ. 35 డిగ్రీలు దాటితే కోడి నోరు తెరిచి రొప్పుతుంది, దానికి చెమట పట్టదు. పాలమూరు ఎండలో మధ్యాహ్నం దాణా తిననిస్తే ఒంట్లో వేడి పెరిగి చచ్చిపోతాయి. పొద్దున పది గంటలకల్లా దాణా ఎత్తేసి, ఎండ తగ్గాక మళ్లీ వేయాలి. పైకప్పుకు సున్నం కొట్టాలి, నీటి తుంపరలు చల్లే ఫాగర్లు పెట్టాలి, కోడికి ఇచ్చే చోటు ఒకటింబావు అడుగుకు పెంచాలి. చోటు పెంచితే బ్యాచ్‌లో కోళ్లు తగ్గుతాయి, రైతు చేతికి వచ్చేదీ తగ్గుతుంది. ఆ నష్టం రైతు ఒక్కడే మోయాలనడం న్యాయం కాదు. కూలి బిగబట్టినవాళ్ల గురించి యాకోబు 5:4 ఏమందో గ్రోయింగ్ ఛార్జీల దగ్గర కూడా గుర్తు చేసుకోవచ్చు.

మందుల సంగతి ఒకటే చెబుతాం. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులు, కోళ్లలో వాడకుండా ప్రభుత్వం 2019లో నిషేధించింది. విశ్వాసి అయిన రైతు షెడ్డులో అది కనిపించకూడదు.

చికెన్ దుకాణంలో ఏం అడగాలి?

ఒకే ఒక్కటి: నెత్తురు పూర్తిగా కారనిచ్చాకే వేడినీళ్లలో వేయమనండి. రద్దీ ఉన్న ఆదివారం కోడి గొంతు కోసి వెంటనే డ్రమ్ములోకి విసిరేస్తారు, లోపల ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. గొంతుకు రెండు వైపులా రక్తనాళాలు తెగేలా కోసి, గరాటులాంటి కోన్‌లో తలకిందులుగా కనీసం రెండు నిమిషాలు ఉంచితే చాలు. కదలిక ఆగాకే నీళ్లు. మాంసానికీ ఇదే మంచిది, నెత్తురు నిలిచిన మాంసం ఎర్రగా మచ్చలు పడి త్వరగా పాడవుతుంది. బైక్ హ్యాండిల్‌కు పది కోళ్లను కాళ్లు కట్టి వేలాడదీసుకొచ్చే దుకాణాన్ని మార్చేయండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద అది నేరం.

మేక, గొర్రె విషయంలో 2001 నాటి కబేళా నిబంధనలు చూడండి: చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లను కోయకూడదు. ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదు. లేవీయకాండం 22:28 చదివినవాళ్లకు ఇది కొత్త మాటలా అనిపించదు.

రోగమొచ్చి చచ్చిన గొర్రెను పారేయడమెందుకు, కోసుకోవచ్చు కదా?

వద్దు. ద్వితీయోపదేశకాండం 14:21 వద్దంటుంది, పశువైద్యులూ వద్దంటారు. ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతూ చచ్చిన గొర్రెను చూస్తే ఆంత్రాక్స్ అనుకోవాలి. కత్తి పెట్టకండి, తోలు తీయకండి. వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. కోసిన చోట మట్టిలో ఆ క్రిమి ఏళ్ల తరబడి బతికే ఉంటుంది.

బీళ్లలో మేసే గొర్రె, షెడ్డులో కోడి ఒకటేనా?

కాదు. పాలమూరు బీళ్లలో తుమ్మకాయలు, గడ్డి మేసి, ఎండాకాలం కృష్ణా ఆయకట్టు దాకా వలసపోయే మంద మనిషి తినలేనిదాన్ని మాంసంగా మారుస్తుంది. రైతులు డబ్బులిచ్చి మరీ పొలంలో మంద పెట్టించుకుంటారు, ఎరువు కోసం. బ్రాయిలర్ తినేది మక్కలు, సోయా. ఆ భూమిలోనే కందో పెసరో పండుతుంది.

నీటి లెక్క చూసినా తేడా తెలుస్తుంది. ప్రపంచ సగటున ఒక గ్రాము ప్రోటీన్‌కు పప్పుధాన్యాలకు 19 లీటర్లు, కోడి మాంసానికి 34, గొర్రె మేకలకు 63, పశుమాంసానికి 112 లీటర్లు పడుతుందని 2012లో వచ్చిన లెక్క. గొర్రె అంకె పెద్దదే. అయితే బీడులో గడ్డికి పడ్డ వాన నీళ్లూ అందులో కలిసి ఉన్నాయి, బోరు నీళ్లతో పోల్చకండి. వారానికి నాలుగు రోజులు బ్రాయిలర్ తినేకంటే, నెలకోసారి తెలిసిన కాపరి దగ్గర యాట కొని నలుగురు పంచుకోవడం నయమని మేం అంటాం.

పాలు తాగితే సరిపోతుంది కదా, మాంసం మానేస్తే అయిపోయినట్టేనా?

పాలలోనూ ఒక బాధ దాగుంది: బర్రెకు దున్నదూడ పుడితే పాలన్నీ పిండేసి దాన్ని ఎండగట్టడం. పుట్టిన గంటలోపు జున్నుపాలు మొదలుపెట్టి, తొలి రోజు దూడ బరువులో పదో వంతు తాగించాలి. ఆ మాత్రం చేసే ఇంటి నుంచి పాలు కొనండి.

మాంసం మానేస్తే బలం ఎక్కడి నుంచి వస్తుంది?

పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మన తిండిలోనే లెక్క చూడండి:

జొన్నపిండి 120 గ్రాములతో రెండు రొట్టెలు, 12 గ్రాములు. బియ్యం 150 గ్రాములు, 12. కందిపప్పు 60 గ్రాములు, 13. బబ్బెర్ల గుడాలు (పొడి గింజలు 40 గ్రాములు), 9. పల్లీలు 30 గ్రాములు, 7. మొత్తం 53.

లోపం ప్లేటులో పప్పు తగ్గడం వల్ల వస్తుంది. కూరలో మాంసం ముక్కలు తీసేసి అన్నం పెంచితే ఈ లెక్క కుదరదు. జొన్న, బియ్యంలో తక్కువగా ఉన్న లైసిన్ (ప్రోటీన్‌లోని ఒక భాగం) పప్పులో ఉంటుంది, అందుకే రెండూ కలవాలి. పుంటికూర, గంగవాయిలి కూరలో ఇనుము ఉంది. నిమ్మకాయ పిండుకుంటే ఒంటికి పడుతుంది, భోజనం వెంటనే చాయ్ తాగితే పడదు. గంట ఆగండి.

బీ12 మాత్రం మొక్కల్లో లేదు. పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్లు డాక్టరును అడిగి మాత్ర వేసుకోవాలి. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల లోటు ఏళ్ల తర్వాత బయటపడుతుంది: అరికాళ్లలో తిమ్మిరి, నాలుక మంట, మతిమరుపు. ఆకుకూరల్లోని ఫోలేట్ అనే విటమిన్ రక్తహీనతను కప్పిపెడుతుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లల విషయంలో సొంత ప్రయోగాలు వద్దు. ప్రార్థన చేశాం కాబట్టి మాత్ర అక్కర్లేదనే మాట అసలే వద్దు.

శ్రమదినాల్లో మాంసం మానడం తప్పనిసరా?

కథోలిక సభలో భస్మ బుధవారం, పవిత్ర శుక్రవారం మాంసం మానడం నియమం, 14 ఏళ్లు నిండినవారికి. చేప తినవచ్చు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎవరి నిర్ణయం వాళ్లది. ఇథియోపియా ఆర్థడాక్సు విశ్వాసులైతే ఏడాదిలో దాదాపు సగం రోజులు పాలు, గుడ్లతో సహా మానేస్తారు. నలభై రోజులు చికెన్ మాని పనీర్, రొయ్యలు తెచ్చుకుంటే ఖర్చు పెరిగిందే తప్ప త్యాగం కనిపించదు. మిగిలిన డబ్బు కవరులో వేసి ఈస్టరుకు ఎవరికివ్వాలో ముందే అనుకోండి.

సంఘ ప్రేమ విందులో మాంసం లేకుండా వంద మందికి ఎట్లా వండాలి?

మాంసం లేదన్న మాట పైకి రాకుండా ఉండాలంటే బగారా అన్నం, మీల్‌మేకర్ కూర, గుత్తి వంకాయ, పప్పుచారు చాలు.

బియ్యం 12 కిలోలు, అరగంట నానబెట్టాలి. పెద్ద గిన్నెలో ఆవిరి తక్కువ పోతుంది కాబట్టి ఇంట్లోలా కొలతకు రెండు కొలతల నీళ్లు పోస్తే జావవుతుంది, ఒకటిన్నర నుంచి ఒకటీ ముప్పావు చాలు. నీళ్లు ఇంకిపోయాక కింద మంట తీసి, మూత మీద నిప్పులు వేసి పావుగంట దమ్ము పెట్టండి.

మీల్‌మేకర్ రెండు కిలోలు. విందుల్లో ఇది చెడేది ఒకే చోట: సరిగా పిండకపోవడం. ఉప్పు వేసిన మరుగునీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చల్లనీళ్లలో రెండుసార్లు కడిగి, గుప్పిట్లో గట్టిగా పిండాలి. మొదటిసారి పిండిన నీళ్లు నురగగా, పచ్చి సోయా వాసనతో ఉంటాయి, పారబోయండి. పిండకుండా వేస్తే ముక్కలో నీళ్లే ఉంటాయి, మసాలా లోపలికి పోదు. పిండిన ముక్కలను నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించి, నాలుగు కిలోల ఉల్లిగడ్డ, మూడు కిలోల టమాటా మసాలాలో కలపండి. తలా 20 గ్రాముల పొడి మీల్‌మేకర్ అంటే పది గ్రాముల ప్రోటీన్.

వంకాయలు తొమ్మిది పది కిలోలు, మసాలాకు పల్లీలు కిలో, నువ్వులు అర కిలో. పప్పుచారుకు కందిపప్పు రెండున్నర కిలోలు. ఇదే విందుకు మటన్ అయితే కనీసం 15 కిలోలు కావాలి, ధర మీరే గుణించుకోండి. పెళ్లి అయితే మాంసం వంటకం ఒకటి ఉంచి, ఈ కూరలను మొదటి వరుసలో పెట్టండి. ‘వెజ్’ అని మూలన వేరే టేబుల్ వేయకండి, అక్కడికి వెళ్లడానికి జనం మొహమాటపడతారు.

కోత పండుగలో కోళ్లను, మేకలను వేలం వేయొచ్చా?

వేయొచ్చు. కాళ్లు కట్టి బలిపీఠం మెట్ల దగ్గర ఎండలో పడేయడం మానండి. ఆరాధన రెండున్నర గంటలు సాగుతుంది. గాలాడే బుట్టలో, నీడలో, నీళ్లు పెట్టి ఉంచండి, వేలం వంతు వచ్చినప్పుడే లోపలికి తెండి.

మా ఊళ్లో పప్పు ఎంత ఉడికించినా మెత్తబడదు. అందుకే చికెన్ తెచ్చుకుంటాం.

ఇది బోరు నీళ్ల తప్పు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో గింజ తోలు గట్టిపడుతుంది. చింతపండు ముందే వేస్తే ఇంకా మొండికేస్తుంది. ఉలువలను రాత్రంతా, కనీసం ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మిషన్ భగీరథ నల్లా నీళ్లతో కుక్కరులో పెట్టండి. పులుపు ఉడికాకే వేయండి.

నల్లగొండ పల్లెల్లో వంటకు భగీరథ నీళ్లు వాడమనడానికి ఇంకో కారణమూ ఉంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, బోరు నీళ్లలో చాలాచోట్ల అది దాటుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. గంటసేపు ఉడికే పప్పులోకి అదంతా చేరుతుంది. తాగడానికి భగీరథ నీళ్లు పట్టి, వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. రెండు బిందెలు పప్పుకూ, అన్నానికీ కూడా పక్కన పెట్టుకోండి.